పిన్ను దూరితే చాలదు

గోడ ప్లగ్గులో ఒక చిన్న నల్ల పెట్టె పెడతాం. దాని నుంచి సన్నని తీగ వస్తుంది. తీగ చివర గుండ్రటి పిన్ను ఉంటుంది. ఆ పిన్నును కీబోర్డుకు గుచ్చుతాం. స్విచ్చి వేస్తే కీబోర్డు మోగుతుంది. ఈ నల్ల పెట్టె పేరు అడాప్టరు. పాతకాలం రేడియో షాపుల్లో దీన్ని ఎలిమినేటరు అనేవారు. ఇప్పటికీ కొందరి నోట ఆ మాటే వస్తుంది.

అడాప్టర్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. సెల్ ఫోనుకు ఒకటి. డిష్ బాక్సుకు ఒకటి. పాటల పెట్టెకు ఇంకొకటి. చూడటానికి అన్నీ ఒక తల్లి పిల్లల మాదిరి ఉంటాయి. గుణాలు మాత్రం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ఏమవుతుంది?

గిద్దలూరు పక్కన ఒక పల్లె అనుకోండి. అక్కడ ఆడవాళ్ల భజన బృందం ఉంది. పది మంది. అందరూ పొదుపు సంఘంలో ఉన్నవాళ్లే. ప్రతి శనివారం రాత్రి రామాలయంలో భజన చేస్తారు. తాళాలు ఉన్నాయి. డోలక్ ఉంది. హార్మోనియం పాతబడింది. అందులో రెండు మెట్లు పలకవు.

"క్యాసియో కొనుక్కుందాం" అన్నారు.

కీబోర్డు ఏ కంపెనీదైనా మన పల్లెల్లో క్యాసియో అనే అంటారు. వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు. వీళ్లు కొన్నది మాత్రం నిజంగా క్యాసియోనే. పది మంది నెలకు నూరు రూపాయల చొప్పున ఏడు నెలలు వేసుకున్నారు. ఎంతయింది? 7,000 రూపాయలు. మిరపకాయల కోతల డబ్బు, కంది కోతల డబ్బు. ఆ డబ్బుతో నంద్యాలలో పాత క్యాసియో ఒకటి తెచ్చుకున్నారు. బృందంలో ఒక కోడలు పిల్లకు వేళ్లు బాగా ఆడతాయి. వాయించే పని ఆమెది.

శ్రీరామనవమి వచ్చింది. గుడి ముందు పందిరి వేశారు. సాయంత్రం కీబోర్డు సంచి విప్పారు. అడాప్టరు తీగను ఎలుక కొరికేసింది. లోపలి రాగి బయటపడింది. ఊరంతా వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఏం చేయాలి?

"మా డిష్ బాక్సుది ఉంది, తెస్తా" అని ఒక పిల్లవాడు పరుగెత్తాడు. తెచ్చాడు. పిన్ను సరిగ్గా దూరింది.

"దూరింది లే. అదే ఇది" అన్నారు ఎవరో.

స్విచ్చి వేశారు. కీబోర్డు మీద లైటు వెలగలేదు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. కాసేపటికి కమురు వాసన. కోడలు పిల్ల గబగబా స్విచ్చి ఆపింది. ఆ రాత్రి భజన తాళాలతోనే నడిచింది. పాట బాగానే సాగింది గాని, పది మందికీ మనసు పాటలో లేదు. ఆ పిల్లవాడిది తప్పు అని ఒకరు. వాయించేదానికి తెలియదా అని ఇంకొకరు. అత్తగారు అందరి ముందే కోడలిని ఒక మాట అన్నది.

మరునాడు ముగ్గురు ఆడవాళ్లు కీబోర్డు సంచిలో వేసుకొని గిద్దలూరు బజారుకు పోయారు. రెండు అడాప్టర్లూ పట్టుకుపోయారు. అదే మంచిదయింది. మెకానిక్కు కీబోర్డు విప్పి చూశాడు. వాసన చూశాడు. తర్వాత అడాప్టర్లు రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ఈ రెండింటి మీద ఏముందో చూడండమ్మా" అన్నాడు.

గుంపులో పెద్దామె రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. కళ్లజోడు సర్దుకొని చూసింది. ఇంగ్లీషు ముక్కలు ఆమెకు రావు. అంకెలు వచ్చు.

"దీని మీద 9 ఉంది. దీని మీద 12 ఉంది."

"అదే మీ కీబోర్డును కాల్చింది. ఇంకొకటి కూడా ఉంది, తర్వాత చెప్తా."

"అంకెలు నాకూ వచ్చు గదా నాయనా! చూడమని మాకు ఎవరూ చెప్పలేదే" అన్నది పెద్దామె.

మెకానిక్కు చెప్పిన సంగతి ఇది. గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు 230 వోల్టులు. అంత బలం కీబోర్డు తట్టుకోలేదు. దానికి 9 వోల్టులో 12 వోల్టులో చాలు. అందుకే మధ్యలో అడాప్టరు. అది 230ని తగ్గించి కీబోర్డుకు ఎంత కావాలో అంతే ఇస్తుంది. ఇంకొక పని కూడా చేస్తుంది. గోడలో కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. సెకనుకు 50 సార్లు అట్లా ఊగుతుంది. దాన్ని ఒకే దిక్కుకు పోయేట్టు అడాప్టరు మారుస్తుంది. ఊగే కరెంటు పేరు ఏసీ. ఒకే దిక్కుకు పోయే కరెంటు పేరు డీసీ.

వోల్టు అంటే ఏమిటి? నీళ్లతో పోల్చి చూడండి. నీళ్ల ట్యాంకు నేల మీద ఉంటే కొళాయిలో ధార సన్నగా వస్తుంది. మిద్దె మీద పెడితే ధార జోరుగా వస్తుంది. ట్యాంకు ఎత్తు ఎట్లాంటిదో వోల్టు అట్లాంటిది. అది తోపు. తోపు ఎక్కువైతే లోపలి సున్నితమైన భాగాలు తట్టుకోలేవు, పగిలే పైపు మాదిరి. తక్కువైతే? కీబోర్డు కాలదు గాని సరిగా పలకదు. పాట మధ్యలో గొంతు బొంగురు పోతుంది. లైటు మసకబారుతుంది. దానంతట అది ఆగి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు చాలామంది కీబోర్డు చెడిపోయిందని అనుకుంటారు.

ఇక రెండో అంకె. అది ఆంపియరు. ఆంపియరు అంటే ఎంత కరెంటు పారగలదో చెప్పే లెక్క. చిన్న అడాప్టర్లకు దీన్ని మిల్లీ ఆంపియర్లలో రాస్తారు. 1,000 మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. వోల్టు ఎక్కువైతే ప్రమాదం గదా, ఆంపియరు ఎక్కువైనా ప్రమాదమే అనుకుంటారు. కాదు. బావి నిండా నీళ్లున్నాయని మన బిందె పగలదు. బిందె ఎంత పడితే అంతే తోడుకుంటాం. కీబోర్డూ అంతే. 850 మిల్లీ ఆంపియర్లు కావలసిన కీబోర్డుకు 2,000 ఇవ్వగలిగిన అడాప్టరు పెట్టినా అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. మిగతావి సరిగ్గా ఉంటే చాలు. ఆంపియరు తక్కువ ఉన్న అడాప్టరు పెడితేనే చిక్కు. ఒక మనిషి మోయవలసిన మూట చిన్నపిల్ల నెత్తిన పెట్టినట్టు. అడాప్టరు కాగుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పైపెట్టె కరిగిపోవచ్చు, నిప్పు కూడా పుట్టవచ్చు.

గుర్తు పెట్టుకోవలసింది ఇంతే. వోల్టు సమానంగా ఉండాలి. ఆంపియరు సమానంగానైనా ఉండాలి, ఎక్కువైనా ఉండాలి.

మెకానిక్కు "ఇంకొకటి ఉంది" అన్నాడు గదా. అదే అన్నిటికంటే మాయదారిది. ఎందుకంటే అది అంకె కాదు, బొమ్మ. అడాప్టరు మీద చిన్న బొమ్మ ఒకటి అచ్చు వేసి ఉంటుంది. మధ్యలో చుక్క. చుక్క చుట్టూ నెలవంక. చుక్క నుంచి ఒక గీత ఒక పక్కకు పోతుంది. నెలవంక నుంచి ఇంకొక గీత రెండో పక్కకు పోతుంది. ఒక గీత చివర ప్లస్ గుర్తు, ఒక గీత చివర మైనస్ గుర్తు. కూడిక గుర్తు, తీసివేత గుర్తు. లెక్కల్లో నేర్చుకున్నవే.

చుక్క అంటే పిన్ను మధ్యలోని బొక్క. నెలవంక అంటే పిన్ను పైన మెరిసే రేకు. చుక్క గీత చివర ప్లస్ ఉంటే మధ్యలో ప్లస్, పైన మైనస్ అని అర్థం. చుక్క గీత చివర మైనస్ ఉంటే దానికి తిరగబడినట్టు. టార్చి లైటులో సెల్లు తలకిందులుగా వేస్తే ఏమవుతుంది? లైటు వెలగదు. టార్చి లైటు గనక అంతటితో పోతుంది. కీబోర్డులో అట్లా కాదు. కరెంటు రాకూడని వైపు నుంచి వస్తే లోపలి చిప్పులు కాలిపోతాయి. కొన్ని కీబోర్డుల్లో కంపెనీవాళ్లు ఒక కాపలా భాగం పెడతారు. తిరగబడిన కరెంటును అది ఆపుతుంది, లేదా ముందు తాను కాలి మిగతావాటిని కాపాడుతుంది. అన్నిటిలో అది ఉంటుందని నమ్మకం లేదు.

అన్ని కంపెనీలూ ఒకటే పద్ధతి పెట్టుకోకూడదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టుకోలేదు. పాత క్యాసియో కీబోర్డులు చాలావాటికి 9 వోల్టులు, మధ్యలో మైనస్. అదే క్యాసియో కంపెనీ తర్వాత చేసిన వాటిలో చాలావాటికి 9.5 వోల్టులు, మధ్యలో ప్లస్. యమహా కీబోర్డులు చాలావాటికి 12 వోల్టులు, మధ్యలో ప్లస్. గిటారు వాయించేవాళ్లు కాలితో నొక్కే చిన్న పెట్టెలు ఉంటాయి. వాటిలో చాలావాటికి 9 వోల్టులు, మధ్యలో మైనస్. పిన్ను లావు మాత్రం చాలావాటికి ఒకటే. అందుకే ఏది పెట్టినా దూరుతుంది. తాళం చెవి దూరిందని తాళం రాదు గదా. ఇక్కడ తాళం రాకపోవడం కాదు, తాళమే కాలిపోతుంది.

పల్లెలో జరిగింది ఇదే. కీబోర్డుకు కావలసింది 9 వోల్టులు, మధ్యలో మైనస్. డిష్ బాక్సు అడాప్టరు ఇచ్చింది 12 వోల్టులు, మధ్యలో ప్లస్. తోపూ ఎక్కువే, దిక్కూ తప్పే. అదృష్టం కొద్దీ కోడలు పిల్ల వెంటనే స్విచ్చి ఆపింది. కాపలా భాగం, శబ్దం పెంచే చిప్పు పోయినాయి. పాటలు దాచుకునే పెద్ద చిప్పు మిగిలింది. రిపేరుకు 900 రూపాయలు. సరైన అడాప్టరుకు 300. మొత్తం 1,200. మనిషికి 120 పడింది. ఇంటికి వచ్చాక పెద్దామె ఈ లెక్క అంతా సంఘంలో చెప్పింది. "పిల్లదాన్ని అనవద్దు. అది ఆపబట్టే ఇది మిగిలింది" అన్నది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు. కోడలికి ఒక గ్లాసు టీ మాత్రం తెచ్చి ఇచ్చింది.

అడాప్టరు మీద రాత ఇంగ్లీషులో ఉంటుంది. దానికి జంకనక్కరలేదు. మార్కాపురం పలక మీద దిద్దిన అంకెలే అక్కడా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు రెండు మూడు గుర్తుపడితే చాలు. రెండు ఏటవాలు గీతలు కింద కలుసుకుంటే అది వోల్టు అక్షరం. ఆ రెండు గీతలు పైన కలుసుకొని మధ్యలో అడ్డగీత ఉంటే, నిచ్చెన మాదిరి కనిపిస్తుంది, అది ఆంపియరు అక్షరం. నిచ్చెన ముందు చిన్న 'ఎమ్' ఉంటే మిల్లీ ఆంపియరు.

రాతలో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి నిలువు గీతతో మొదలవుతుంది. అది ఇన్‌పుట్, అంటే గోడ నుంచి లోపలికి వచ్చేది. ఇంకొకటి గుండ్రటి సున్నా మాదిరి అక్షరంతో మొదలవుతుంది. అది అవుట్‌పుట్, అంటే కీబోర్డుకు పోయేది. కీబోర్డుతో పోల్చి చూడవలసింది అవుట్‌పుట్ వరుస. అక్కడ వోల్టు అంకె పక్కన పాము మాదిరి వంకర గీత ఉంటే ఏసీ. ఒక తిన్నటి గీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉంటే డీసీ. కీబోర్డులకు సాధారణంగా డీసీ కావాలి. పాటల మిక్సర్లలో కొన్నిటికి ఏసీ ఇచ్చే అడాప్టరు ఉంటుంది. అది తెచ్చి కీబోర్డుకు పెట్టకూడదు.

కీబోర్డు వెనకవైపు, పిన్ను గుచ్చే బొక్క పక్కన, ఇవే గుర్తులు మళ్లీ ఉంటాయి. రెండు చోట్లా రాత కలవాలి. అక్షరాలు మరీ చిన్నవైతే సెల్ ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడవచ్చు. రాత అరిగిపోతే కీబోర్డు పేరు, నంబరు పలక మీదో కాగితం మీదో రాసుకొని షాపుకు పోవాలి.

ఇన్‌పుట్ వరుసను మరిచిపోవద్దు. అమెరికాలో గోడ కరెంటు 120 వోల్టులు. అక్కడ ఉన్న కొడుకో మేనల్లుడో ప్రేమగా కీబోర్డు పంపిస్తాడు. అడాప్టరు మీద 120 అని మాత్రమే ఉంటే దాన్ని మన ప్లగ్గులో పెట్టకూడదు. మన 230కి అది కాలిపోతుంది. 100 నుంచి 240 అని ఉంటే భయం లేదు, ఎక్కడైనా పనిచేస్తుంది. కువైటులో కరెంటు 240 వోల్టులు, మన దానికి దగ్గర. అక్కడి అడాప్టరుకు ప్లగ్గు కాళ్లు పలకలుగా ఉంటాయి, మన బొక్కల్లో పట్టవు. దానికి కాళ్లు మార్చే చిన్న ముక్క దొరుకుతుంది. ఆ ముక్క కాళ్లనే మారుస్తుంది, వోల్టులను మార్చదు. అమెరికా అడాప్టరుకు ఆ ముక్క తగిలించి ప్లగ్గులో పెట్టినవాళ్లు దెబ్బతిన్నది ఇక్కడే.

కీబోర్డు మోగలేదంటే అది కాలిపోయినట్టే కాదు. ఒక సులువైన పరీక్ష ఉంది. చాలా కీబోర్డులకు అడుగున సెల్లులు వేసే చోటు ఉంటుంది. అడాప్టరు తీసేసి కొత్త సెల్లులు వేయాలి. మోగితే కీబోర్డు బాగానే ఉంది, అడాప్టరే చెడింది. ఒక్కో సెల్లు 1.5 వోల్టులు. 6 సెల్లులు వేస్తే 9 వోల్టులు. అయితే ఈ లెక్క పట్టుకొని అడాప్టరు కొనకూడదు. యమహా కీబోర్డులు కొన్నిటికి 6 సెల్లులు పడతాయి, అడాప్టరు మాత్రం 12 వోల్టులది కావాలి. రాసి ఉన్నదాన్నే నమ్మాలి.

బజారులో ఇంకొక రకం అడాప్టరు దొరుకుతుంది. దానికి జరిపే మీట ఉంటుంది. 3, 4.5, 6, 7.5, 9, 12 అని అంకెలు ఉంటాయి. పిన్నులు కూడా నాలుగైదు రకాలు ఇస్తారు. పిన్ను తిప్పి పెడితే ప్లస్, మైనస్ మారిపోతాయి. అక్కరకు వచ్చేదే. కాని ఇంట్లో చిన్నపిల్లలుంటే చేతికి అందిన మీట జరపకుండా ఉంటారా? వాడదలిస్తే ముందు మీట సరిచేసి, పైన ప్లాస్టరు అంటించాలి. ఆ తర్వాతే గోడకు పెట్టాలి. అసలు కీబోర్డుతో వచ్చిన అడాప్టరే, లేకపోతే దాని లెక్కకు సరిపోయేదే కొనుక్కోవడం మేలు. తీగ కోసి వేరే పిన్ను అతికించే పని ఇంట్లో వద్దు. ఏ తీగ ప్లస్సో ఏది మైనస్సో రంగు చూసి చెప్పలేం.

ఈ మాటలు కీబోర్డుకే కాదు. శ్రుతి పెట్టెకూ ఇవే వర్తిస్తాయి. బెంగుళూరులో జి. రాజనారాయణ్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన వేణువు కూడా వాయించేవారు. 1979లో ఆయన కరెంటుతో పలికే తంబురా పెట్టె చేశారు. అప్పటి నుంచి పాటకచేరీల్లో, భజనల్లో అట్లాంటి పెట్టెలు వచ్చినాయి. చర్చిలో పాట పాడేవాళ్లకూ, పెళ్లి పందిట్లో వాయించేవాళ్లకూ, మైకు పెట్టేవాళ్లకూ అడాప్టర్లతో పని ఉంటుంది. నాలుగు అడాప్టర్లు ఒకే సంచిలో కలిసిపోతే చీకట్లో ఏది దేనిదో తెలియదు. కీబోర్డు పట్టీకి ఎర్రదారం కట్టి, దాని అడాప్టరుకు కూడా ఎర్రదారమే కట్టాలి. శ్రుతి పెట్టెకూ దాని అడాప్టరుకూ పచ్చదారం. ఎలుకలకు అందకుండా సంచిని చిలక్కొయ్యకు తగిలించాలి.

కొనేటప్పుడు అడాప్టరు మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉందేమో చూడాలి. గుర్తు దగ్గర 'ఆర్' అక్షరం, ఒక నంబరు ఉంటాయి. ఎలక్ట్రానిక్ సరుకులకు ఇట్లా నమోదు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2012లో ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు లేని సరుకు చవకగా దొరుకుతుంది. అందులో 9 అని రాసినా 9 వస్తుందని చెప్పలేం. బిల్లు అడిగి తీసుకోవాలి. షాపువాడు మోసం చేశాడనుకుంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల కోసం పెట్టిన నంబరు.

కమురు వాసన వస్తే ముందు గోడ స్విచ్చి ఆపాలి. తర్వాత అడాప్టరు పెట్టెను పట్టుకొని తీయాలి. తీగ పట్టి లాగకూడదు. తడి చేత్తో ముట్టకూడదు. మళ్లీ ఒకసారి పెట్టి చూద్దామని అనుకోకూడదు. మొదటిసారి మిగిలింది రెండోసారి మిగలదు.

ఇప్పుడు పలక తీసుకోండి. ఒక కీబోర్డు వెనక ఇట్లా రాసి ఉంది: 9.5 వోల్టులు, 1,000 మిల్లీ ఆంపియర్లు, డీసీ, మధ్యలో ప్లస్. మీ దగ్గర మూడు అడాప్టర్లు ఉన్నాయి. మూడూ డీసీవే. మొదటిది 12 వోల్టులు, 2 ఆంపియర్లు, మధ్యలో ప్లస్. రెండోది 9.5 వోల్టులు, 1.5 ఆంపియర్లు, మధ్యలో ప్లస్. మూడోది 9 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు, మధ్యలో మైనస్. మూడింటి పిన్నులూ దూరుతున్నాయి. వీటిలో ఏది పెట్టవచ్చు? మిగతా రెండూ ఎందుకు పెట్టకూడదు? పక్కవారితో మాట్లాడి రాయండి. తర్వాత మీ ఇంట్లో ఉన్న అడాప్టర్లు తీసి, వాటి మీద ఉన్న అంకెలు రాసుకొని రేపు తీసుకురండి.